ఎవరి చేతి వంట?

కూడు – కులం – చరిత్ర : 6వ భాగం



టీవీలో ఈ దృశ్యం మీరంతా చూసే ఉంటారు. పదేళ్ల పాప. మోకాళ్లు దాటిన ఆప్రాన్. పొయ్యి అందక పీట మీద నిలబడి వండుతోంది. పక్కన తెల్లకోటు వేసుకున్న పెద్ద హోటల్ చెఫ్. పాప వండిన కూర ఆయన చెంచాతో తీసుకుని నోట్లో పెట్టుకుంటాడు. సంగీతం ఆగిపోతుంది. ఆయన కళ్లు మూసి తెరిచి నవ్వగానే చప్పట్లే చప్పట్లు. వెనకాల తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంటుంది.

నాకూ కళ్లు చెమర్చాయి. అబద్ధమెందుకు? అంత పెద్ద మనిషి ఒక చిన్నబిడ్డ చేతి వంట తిని, "నీ చేతిలో ఏదో ఉందమ్మా" అంటే ఎవరికి సంతోషం కాదు!

కానీ ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. నీ చేతిలో ఏదో ఉంది. మన అమ్మలకూ ఈ మాట చెప్పారు. బడిలో వండి పెడుతున్న మన అమ్మలకు. అయితే వాళ్ల చేతిలో ఉందని చెప్పింది రుచి కాదు, అంటు. అక్కడ పిల్లలు చప్పట్లు కొట్టలేదు, కంచాలు వదిలి లేచిపోయారు.

చేతికి మెచ్చుకోలు దొరికే వంటగది ఒకటి. చేతిని చూసి అన్నం వదిలేసే వంటగది ఇంకొకటి. రెండూ ఒకే దేశంలో, ఒకే కాలంలో ఉన్నాయి. ఈ రెండింటి మధ్య ఉన్న చరిత్రే ఈ భాగం.

ముందు ఆ షోల సంగతి. 'మాస్టర్ చెఫ్' అనే వంటల పోటీ 1990లో బ్రిటన్‌లో బీబీసీలో మొదలైంది. సినిమా దర్శకుడు ఫ్రాంక్ రాడమ్ ఆలోచన అది. పిల్లలకు ప్రత్యేకంగా 'జూనియర్ మాస్టర్ చెఫ్' 1994లో వచ్చింది. 2010లో ఆస్ట్రేలియాకు, 2013లో అమెరికాకు చేరింది. అదే 2013లో అమెరికాలో ఫుడ్ నెట్‌వర్క్ ఇంకో పోటీ పెట్టింది. పేరున్న ఇద్దరు టీవీ వంటగాళ్లు పిల్లలను రెండు జట్లుగా పంచుకుని, నేర్పించి, పోటీకి దింపుతారు. మన దేశంలో స్టార్ ప్లస్ 2010లో 'మాస్టర్ చెఫ్ ఇండియా', 2013లో పిల్లలతో 'జూనియర్ మాస్టర్ చెఫ్' నడిపింది. వికాస్ ఖన్నా, కునాల్ కపూర్, సుర్జన్ సింగ్ జాలీ ఆ పిల్లలకు న్యాయనిర్ణేతలు. 2021లో పెద్దల పోటీ తెలుగులోకీ వచ్చింది, జెమినీ టీవీలో.

ఈ షోలన్నీ ఒకే మాట చెబుతాయి: వంట అంటే ప్రతిభ, ఎవరికైనా ఉండొచ్చు, ఎవరైనా గెలవొచ్చు. ఎవరి కులం ఏమిటో తెర చెప్పదు. మంచిదే. ఆ పిల్లల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ల చేతులు ముద్దొచ్చేవే.

అడగాల్సింది వేరే. మన దేశంలో వంట ఎప్పుడైనా ఉత్త ప్రతిభగా ఉందా?

తెల్లకోటు వెనక ఎవరున్నారు?

చెఫ్ అంటే ఇప్పుడు గౌరవం. ఇంగ్లీషు వంటలు, ఓవెన్లు, సూపులు, పుడ్డింగులు. మరి ఈ వంటలు మన దేశంలో మొదట ఎవరి చేతుల మీదుగా వచ్చాయి?

మద్రాసు రాజధానిలో దొరల బంగ్లాలకు వంటవాళ్లు కావాలి. దొరలు గొడ్డుమాంసం తింటారు, పందిమాంసం తింటారు. ఆ మాంసం ముట్టుకోవడానికి పైకులాల వాళ్లు రారు. దొరల ఎంగిలి కంచాలు కడగడానికి అసలు రారు. అలా ఆ వంటిళ్లలోకి వెళ్లినవాళ్లలో చాలామంది మనవాళ్లు, ఆనాటి లెక్కల్లో 'పరయ'లుగా, 'పంచమ'లుగా రాసిన వాళ్లు. ఊళ్లో వాళ్ల చేతి నీళ్లు తాగరు. బంగ్లాలో కలెక్టరు దొర వాళ్ల చేతి వంటే మూడు పూటలా తినేవాడు.

'బట్లర్ ఇంగ్లీషు' అని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు చూడండి. అది మద్రాసు బంగ్లాల్లో వంటవాళ్లూ నౌకర్లూ దొరలతో మాట్లాడిన భాష. బడి గడప తొక్కనివ్వని మనుషులు చెవులతో విని, పని చేస్తూ నేర్చుకున్న ఇంగ్లీషు. ఈసారి ఎవరైనా ఆ మాటతో నవ్వితే, వాళ్లకి ఈ చరిత్ర చెప్పండి.

1878లో మద్రాసులో ఒక వంటల పుస్తకం అచ్చయింది. 'కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్'. రాసింది కెన్నీ-హెర్బర్ట్ అనే సైనికాధికారి, 'వైవర్న్' అనే కలంపేరుతో. దొరసానులు వంటవాళ్లతో ఎలా పని చేయించుకోవాలో నేర్పే పుస్తకం అది. అందులో వంటవాడు ఉంటాడు, కానీ ఒక్కడే ఉంటాడు. మద్రాసు వంటవాళ్లందరికీ కలిపి ఆయన పెట్టిన పేరు 'రామసామి'. ఏ ఇంటి వంటవాడైనా రామసామే. పొయ్యి ముందు చెమటోడ్చిన వేల మందికి ఒకే పేరు. పుస్తకం మీద పేరు మాత్రం దొరది.

ఇప్పుడు టీవీలో పిల్లల పేర్లు తెర మీద పెద్ద అక్షరాల్లో పడుతుంటే సంతోషం వేస్తుంది. అదే సమయంలో పేరు లేని రామసామి గుర్తొస్తాడు. ఈ పేరు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

బోర్డు మీద కులం

బంగ్లాలో మన చేతి వంట చెల్లింది. బజార్లో చెల్లలేదు. ఇంటి బయట తినడం మధ్యతరగతికి అలవాటవుతున్న కాలంలో హోటళ్లు తమ నాణ్యతకు ఏ హామీ ఇచ్చాయి? 'బ్రాహ్మణ భోజన హోటల్' అనే బోర్డు. సరుకు మంచిదని కాదు, వంటిల్లు శుభ్రమని కాదు. వండిన చేతి కులం ఫలానా అని. అదే ప్రకటన, అదే గ్యారంటీ.

స్వాతంత్ర్యం వచ్చి, రాజ్యాంగంలో 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేశాక కూడా ఆ బోర్డులు దిగలేదు. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీస్ కేఫ్ ముందు పెరియార్ ఉద్యమం నడిపాడు. డిమాండు ఒకటే: బోర్డు మీద 'బ్రాహ్మణ' అన్న మాట తీసేయండి. ఒక మాట చెరపడానికి నెలల తరబడి పికెటింగు, వందల అరెస్టులు. ఒక్క మాట వెనక ఎంత వ్యాపారం ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

మన ఊళ్లలో బోర్డు కూడా అక్కర్లేదు. టీ బంకులో రెండు రకాల గ్లాసులుంటే చాలు. మన తాతలు ఆసామి ఇంట పాలేరుగా, దొర గడీలో జీతగాడుగా ఉన్నప్పుడు కూడు ఎలా తిన్నారో మీ ఇంట్లో అడగండి. దొడ్లో కూర్చుంటే పైనుంచి ఆకులో వేసేవాళ్లు. నీళ్లు దోసిట్లో ఎత్తునుంచి పోసేవాళ్లు. ఆ ఎత్తు ఎంతో కొలిచి ఎవరూ రాయలేదు గానీ, మన చరిత్ర అంతా ఆ ఎత్తులోనే ఉంది. చెఫ్ వంగి పాప కంచంలోంచి తినే దృశ్యం మనకు ఎందుకంత పట్టేస్తుందో ఇప్పుడర్థమైందా? పెద్దచెయ్యి కిందికి దిగడం మనం చూడలేదు.

మనం మంచి తిండి వండుకుని తిన్నా నేరమే. 1936లో అంబేడ్కర్ 'కుల నిర్మూలన'లో చక్వారా అనే ఊరి సంగతి రాశారు. జైపూర్ సంస్థానంలోని ఊరు. తీర్థయాత్ర చేసొచ్చిన ఒక అంటరాని మనిషి తనవాళ్లకు విందు పెట్టాడు. వంటల్లో నెయ్యి వాడాడు. తింటుండగానే హిందువులు కర్రలతో వచ్చి పడ్డారు, భోజనం పాడుచేశారు, అతిథులను కొట్టారు. తప్పేమిటి? నెయ్యి తిన్నారు. అంటే వంటకు కులం ఉంది, వండే చేతికి కులం ఉంది, ఆఖరికి నెయ్యికి కూడా కులం ఉంది.

పిల్లల పంక్తి

ఇక పిల్లల దగ్గరికి వద్దాం. పిల్లల్ని, వంటని ఒకచోట చేర్చిన పెద్ద గొడవ మన దక్షిణాదిలో వందేళ్ల కిందటే జరిగింది.

తిరునెల్వేలి జిల్లా చేరన్మహాదేవిలో 1922లో వి.వి.ఎస్. అయ్యర్ ఒక గురుకులం పెట్టాడు. జాతీయ విద్య, దేశభక్తి. కాంగ్రెస్ డబ్బిచ్చింది, బ్రాహ్మణేతరులూ చందాలిచ్చారు. అయితే అక్కడ ఇద్దరు బ్రాహ్మణ పిల్లలకు విడిగా భోజనం. వాళ్ల తల్లిదండ్రులు అలా కోరారట. ఈ సంగతి బయటికొచ్చాక 1924–25లో తమిళ కాంగ్రెస్ రెండుగా చీలినంత పనయింది. వరదరాజులు నాయుడు, పెరియార్ ముందుండి పోరాడారు. పెరియార్ 1925 నవంబర్‌లో కాంచీపురం సభలో కాంగ్రెస్‌ను వదిలేశాడు. అప్పటి తక్షణ కారణం ప్రాతినిధ్యం తీర్మానం. కానీ ఆయన మనసు విరిచిన వాటిలో ఈ పిల్లల పంక్తి ఒకటి.

స్వరాజ్యం కోసం జైలుకెళ్లేవాళ్లకు రెండు కంచాలు పక్కపక్కన పెట్టడం చేతకాలేదు. విద్యార్థి మిత్రులు ఈ మాట మీ నోటుబుక్కులో రాసుకోండి.

అదే కాలంలో అదే రాజధానిలో ఇంకో పని జరిగింది. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని తన బడిలో మధ్యాహ్న భోజనం మొదలుపెట్టింది. కార్పొరేషన్ అధ్యక్షుడు జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి. పిల్లవాడికి రోజుకు అణా మించకూడదని లెక్క. ఆకలితో బడికి రాని పేదపిల్లల కోసం. కొన్నేళ్లకే అది నిధుల దగ్గర ఆగిపోయింది. తర్వాత 1956లో కామరాజ్, 1982లో ఎం.జి.ఆర్ తమిళనాడులో దాన్ని పెద్దఎత్తున నిలబెట్టారు. 1995లో కేంద్రం పథకం పెట్టింది గానీ చాలా రాష్ట్రాలు వండిపెట్టకుండా బియ్యమో గోధుమలో ఇచ్చి చేతులు దులుపుకున్నాయి.

వండి పెట్టాల్సిందేనని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. అంతకుముందు పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో వచ్చిన ఆదేశం అది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బళ్లలో పొయ్యి వెలిగింది.

వండటం అనగానే, ఎవరు వండాలి అన్న ప్రశ్న వస్తుంది. అదే కేసులో 2004 ఏప్రిల్ 20న కోర్టు ఇంకో ఆదేశం ఇచ్చింది. వంటవాళ్లను, సహాయకులను పెట్టుకునేటప్పుడు దళితులకు, షెడ్యూల్డ్ కులాలకు, తెగలకు ప్రాధాన్యం ఇవ్వాలి. మిత్రులారా, ఈ తేదీ మనలో చాలామందికి తెలియదు. తెలియాలి. అదేదో నాలుగు ఉద్యోగాల సంగతి కాదు. ఊరి పిల్లలందరూ రోజూ మధ్యాహ్నం మన అమ్మల చేతి వంట తినాలన్న ఆదేశం. ఊరి మధ్యలో, సర్కారు ఖర్చుతో, కులం గుండెకాయ మీద పెట్టిన పొయ్యి అది.

అందుకే అంత గొడవ. సుఖదేవ్ థోరట్, జోయెల్ లీ రాసిన అధ్యయనం ఒకటుంది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి 5 రాష్ట్రాల్లో 531 గ్రామాలు చూశారు. అందులో బయటపడ్డ పెద్ద సమస్యల్లో ఒకటి దళిత వంటమనిషికి వ్యతిరేకత. 2018లో తమిళనాడు తిరుప్పూర్ జిల్లాలో ఒక బడికి దళిత వంటమ్మ వస్తే ఊళ్లో కొందరు అడ్డుకున్నారు. అధికారులు ముందు ఆమెనే బదిలీ చేశారు. నిరసనలు వచ్చాకే వెనక్కి తగ్గారు, కేసు పెట్టారు.

సుఖీఢాంగ్ పిల్లలు

ఇప్పుడు ఉత్తరాఖండ్ వెళ్దాం. చంపావత్ జిల్లా సుఖీఢాంగ్. ప్రభుత్వ ఇంటర్ కాలేజీ. అక్కడ వంటమనిషిని 'భోజనమాత' అంటారు. 2021 డిసెంబర్‌లో ఒక దళిత స్త్రీని ఆ పనిలో పెట్టారు. పిల్లలు తిన్నారు. తర్వాత పైకులాల పిల్లలు తినడం మానేశారు. ఇంటినుంచి డబ్బాలు తెచ్చుకున్నారు.

పిల్లలకు అంటు ఎవరు నేర్పారు? ముందు తిన్న పిల్లలు తర్వాత ఎందుకు మానేశారు? నాలుక మారలేదు, కూర మారలేదు. మధ్యలో ఇల్లు వచ్చింది.

అధికారులు ఏం చేశారు? నియామకంలో పద్ధతి పాటించలేదని చెప్పి ఆమెను తీసేశారు. ఇంతవరకు మనకు తెలిసిన కథే. తర్వాత జరిగిందే మనం నేర్చుకోవాల్సింది. ఆమె స్థానంలో పైకులం స్త్రీ వండటం మొదలుపెట్టగానే దళిత పిల్లలు అన్నం ముట్టుకోలేదు. ఆమె చేతిది మీరు తినకపోతే ఈమె చేతిది మేం తినం అన్నారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు! ఏ సంఘమూ వాళ్లకు కరపత్రం ఇవ్వలేదు. దేశమంతా చర్చ లేచింది. డిసెంబర్ అయిపోయేలోగా ఆమెను మళ్లీ పనిలో పెట్టాలని నిర్ణయించారు. 2022 మేలో మళ్లీ కొందరు పిల్లలు తినడం మానేశారన్న వార్త కూడా వచ్చింది. కులం ఒక్క దెబ్బకు పోదు. అయినా ఆ దెబ్బ తగిలింది.

పిల్లల వంటల పోటీ అంటే నా మట్టుకు అదే పోటీ. గెలిచింది ఆ పిల్లలు. వాళ్లకు ట్రోఫీ ఇవ్వలేదు.

తెర ఏం వండనిచ్చింది?

మళ్లీ తెర దగ్గరికి. 2015లో 'మాస్టర్ చెఫ్ ఇండియా' నాలుగో సీజన్ పూర్తిగా శాకాహారం చేశారు. చేప లేదు, కోడి లేదు, గుడ్డు లేదు. దేశం మొత్తానికి వంటల పోటీ అని పేరు. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వే ప్రకారం తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 98 శాతానికి పైగా మాంసాహారులు. అంటే మన రెండు రాష్ట్రాల్లో దాదాపు ప్రతి ఇంటి పొయ్యీ ఆ 'జాతీయ' వంటగదికి బయటే.

అదే 2015లో మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి అంగన్‌వాడీ పిల్లలకు గుడ్డు పెట్టే ప్రతిపాదన కాదన్నారు. గెలిచే వంట ఏదో తేల్చేదీ, పేదబిడ్డ కంచంలో ఏముండాలో తేల్చేదీ ఒకే రుచి. మన రెండు రాష్ట్రాల బడి భోజనంలో గుడ్డు ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అది కాపాడుకోవాల్సిన గుడ్డు.

పైకులాల వంట 'భారతీయ వంట' అయింది. మనది మాత్రం కులం వంటగానే మిగిలింది. ఎండబెట్టిన తునకలు, బోటి, నల్ల, తలకాయ, గోంగూరలో వేసిన ఎముకలు — ఆకలిలోంచి, లేమిలోంచి మన అవ్వలు కనిపెట్టిన వంటలు ఇవి. ఏ భాగమూ పారేయకుండా, నూనె లేకుండా, ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి దాచుకునే విద్య ఇది. దీన్ని పక్కరాష్ట్రంలో మనవాళ్లు రాసిపెట్టారు. 2009లో పుణె విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే, ఆమె విద్యార్థులు దళితుల తిండి జ్ఞాపకాలను పుస్తకం చేశారు. 2015లో షాహూ పాటోళే మరాఠ్వాడా దళితుల వంటల మీద మరాఠీలో 'అన్న హే అపూర్ణ బ్రహ్మ' రాశారు. అన్నం పూర్ణబ్రహ్మం అనే మాటను తిరగేసి, అది అపూర్ణం అన్నారు. మేం లేని అన్నం అపూర్ణమని.

పేర్లు

పేరు సంగతి మళ్లీ వస్తానన్నాను. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి భోజనానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టింది. గోదావరి లంకల్లో ఆకలిగొన్న వాళ్లకు అన్నం పెట్టిన తల్లి. ఆమె దానం మీద నాకు గౌరవమే. కానీ ఇరవై ఏళ్లుగా పొగగొట్టం కూడా లేని షెడ్లలో కళ్లు మండుతూ లక్షల మంది పిల్లలకు వండినవాళ్లు ఎవరి పేరుతో గుర్తుండాలి? దానం చేసిన చేతికి పేరుంది. కూలికి వండిన చేతికి లేదు. ఆ కూలి కూడా ఎంత? కేంద్రం 2009లో నెలకు 1,000 రూపాయలని, అదీ ఏడాదికి పది నెలలకని పెట్టింది. ఏళ్లు గడిచినా ఆ అంకె పెంచలేదు. రాష్ట్రాలు పైన ఎంతో కొంత కలుపుతున్నాయి, అది కూడా వంటమ్మలు రోడ్డెక్కి సాధించుకున్నదే.

1878లో రామసామి. ఇప్పుడు 'వంట ఏజెన్సీ', 'కుక్ కం హెల్పర్'.

కాబట్టి విద్యార్థి మిత్రులకు మూడు పనులు చెబుతాను. లైకులు అక్కర్లేదు, ఇవి చేయండి.

ఒకటి. మీరు చదివిన బడికి మధ్యాహ్నం వెళ్లండి. అడిగి పంక్తిలో కూర్చుని తినండి. వండినమ్మ పేరు అడగండి. 'అమ్మా, కూర బాగుంది' అని నోరు తెరిచి చెప్పండి. ఆమెకు ఎన్నేళ్లుగా ఎవరూ చెప్పి ఉండరు.

రెండు. మీ మండల విద్యాధికారికి సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. మండలంలో ఎందరు వంటవాళ్లు, అందులో ఎస్సీలు ఎందరు, ఎస్టీలు ఎందరు, 2004 ఆదేశం ఎలా అమలవుతోంది అని. జవాబు వచ్చాక మనం కలిసి మాట్లాడుకుందాం.

మూడు. మీ నాయనమ్మ, అమ్మమ్మ వండే ఒక్క వంట రాయండి. కొలతలు ఆమె చెప్పినట్టే, గుప్పెడంటే గుప్పెడు. కింద ఆమె పూర్తి పేరు, ఊరు రాయండి. మన వంటల పుస్తకంలో రామసాములు ఉండకూడదు.

ఆ టీవీ పాప మీద నాకు కోపం లేదని ముందే చెప్పాను. ఆమె పెద్ద చెఫ్ కావాలి. అయితే ఆ చప్పట్ల వెలుగులో పెరిగే పిల్లలు రేపు బడిలో ఏ చేతి వంటైనా, ఎవరిదని అడక్కుండా తినాలి. అప్పుడే వంట ప్రతిభ అవుతుంది. అప్పటిదాకా అది కులమే.

వచ్చే భాగంలో సాంఘిక సంక్షేమ హాస్టళ్ల అన్నం చరిత్ర.

జై భీమ్.